ఢాయీ ఆయా మామూ!

"ఢాయీ ఆయా మామూ."

రాజోలు నుంచి మా భాంజా ఫోను. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఉత్త మాయూసీ. ఢాయీ అంటే రెండున్నర. ఆరుకి రెండున్నర. అమెరికాలో ఎమ్మెస్ సీటు కోసం రాసే జీఆర్ఈ ఇమ్తిహాన్‌లో వ్యాసానికి వాడికొచ్చిన నంబరు అది.

లెక్కల్లో 170కి 166 తెచ్చుకున్నాడు. లెక్కల నంబరు, వెర్బల్ నంబరు పరీక్ష అయిన వెంటనే తెర మీద కనిపిస్తాయి. వ్యాసం నంబరు మాత్రం పది రోజులు అటూఇటూగా వస్తుంది. ఆ పది రోజులూ మా ఆపా ఇంట్లో ఈద్ వాతావరణమే. ఇరుగుపొరుగుకి సేమియా కూడా పంచింది. ఆ తర్వాత ఈ ఢాయీ దిగింది. వాడు కోరుకున్న విభాగంవాళ్లు వ్యాసంలో కనీసం మూడున్నర ఉండాలన్నారు. మళ్లీ రాయాలంటే ఫీజే ఇరవై వేలు దాటుతుంది. ఆ డబ్బు కువైట్‌లో డ్రైవరు పని చేసే మా దూల్హాభాయ్ పంపాలి. కోచింగ్‌కీ, దరఖాస్తులకీ చేసిన కర్జ్ ఇంకా తీరనే లేదు.

"యూకేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే కదరా తమ్ముడూ. ఇంకేం తక్కువైంది వీడికి?" అనడిగింది ఆపా.

నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. అమెరికా చదువుల సంగతి నాకేం తెలుసు? కానీ ఆపా అడిగిన సవాల్ నన్ను వదల్లేదు. రెండు నెలలు వాడితో కూర్చున్నాక జవాబు దొరికిందనుకుంటున్నాను. వాడి ఇంగ్లీషులో తప్పులున్నాయి, కాదనను. అంతకన్నా పెద్ద లోటు ఏమిటంటే, ఇరవై మూడేళ్లు వచ్చినా "నీ రాయ్ ఏమిటి?" అని వాణ్ణి ఎవరూ అడగలేదు. స్కూల్లో అడగలేదు, కాలేజీలో అడగలేదు, ఇంట్లో అసలే అడగలేదు. ఆ అడగనివాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈలో వ్యాసం ఒక్కటే. అంతకుముందు రెండుండేవి. ముప్ఫై నిమిషాల టైము. ఒక వాక్యంలో ఏదో ఒక అభిప్రాయం ఇస్తారు. నువ్వు దానితో ఎంతవరకు ఏకీభవిస్తావో, ఎందుకో రాయాలి. ఆ వాక్యం కింద ఒక హుకుం కూడా ఉంటుంది. ఈ మాట ఎక్కడ చెల్లదో చెప్పమనో, అవతలి పక్షం మాట కూడా తీసుకోమనో. చాలామంది పిల్లలు పైవాక్యం చదివి ఆ హుకుం చదవరు. నంబరు అక్కడే జారిపోతుంది. సున్నా నుంచి ఆరు దాకా అర మార్కు చొప్పున వేస్తారు. ఒక మనిషి చదువుతాడు, ఒక కంప్యూటర్ ప్రోగ్రామూ చదువుతుంది. ఇద్దరికీ బాగా తేడా వస్తే ఇంకో మనిషి చదువుతాడు. వాళ్ల కొలబద్ద చదివితే నాకు ఆశ్చర్యమేసింది. ఆరుకి ఆరు వచ్చే వ్యాసంలో కూడా చిన్న చిన్న భాషా తప్పులుంటే పరవాలేదట. నీ మాట తేటగా ఉందా, దలీల్ ఉందా, మిసాల్ ఉందా, ఒకదాని వెంట ఒకటి వరసగా నడుస్తుందా అన్నది అసలు లెక్క.

"ఆ రోజు ఏం రాశావో గుర్తున్నంతవరకు మళ్లీ రాసి పంపు" అన్నాను. పంపాడు. మొదటి నాలుగు లైన్లు చదవగానే అర్థమైంది, అవి వాడివి కావు. కోచింగ్‌వాళ్లు ఇచ్చిన చట్రం అది. ఏ టాపిక్ వచ్చినా అతికించుకోమని ఇచ్చిన ముందుమాట, ఏ టాపిక్‌కైనా సరిపోయే ముగింపు. మధ్యలో ఎడిసన్, ఐన్‌స్టీన్, స్టీవ్ జాబ్స్. ముగ్గురూ ఎందుకొచ్చారో వాళ్లకే తెలియాలి. వ్యాసం మొత్తం మీద మా భాంజా ఎక్కడా లేడు. పైగా ఇంకో ప్రమాదం కూడా ఉంది. రాసినవన్నీ ఒకదాంతో ఒకటి పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరుంది. ఒకే చట్రం పదిమంది వాడితే నంబరు తగ్గడం మాట అటుంచి, పరీక్షే రద్దయ్యే ఖత్రా ఉంది.

వాడి మీద కోపం రాలేదు నాకు. వాడెక్కడ నేర్చుకున్నాడు రాయడం? మన ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ తీసుకోండి. మూడు గంటల్లో 160 బిట్లు. నిమిషం దాటితే ఇంకో బిట్టు. నాలుగింట్లో ఒకటి సరైనది, అది ముందే ఎవరో నిర్ణయించి పెట్టారు. నీ పని దాన్ని పట్టుకోవడం. నీ రాయ్‌తో అక్కడ పనే లేదు. రెండేళ్లు పొద్దున్నించి రాత్రిదాకా అదే సాధన. ఇక మా స్కూళ్ల సంగతి ఏం చెప్పను? వ్యాసం అంటే గైడులో ఉన్నది దించడమే. 'నాకు నచ్చిన పండుగ' అని ఇస్తే క్లాసులో నలభైమందికీ ఒకే పండుగ నచ్చుతుంది, అవే మాటల్లో. ఈద్ చేసుకునే పిల్లాడు కూడా గైడులో ఉన్న సంక్రాంతే రాస్తాడు, మార్కులు పోతాయని. అలాంటి కాగితాలకి పాతికేళ్లుగా టిక్కు పెట్టిన చెయ్యి నాదే. ఆ ఢాయీలో నా వాటా అది ఒకటి.

అలాగని మనవాళ్లకి వాదించడం రాదా? నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను.

ఎనిమిదో క్లాసు నుంచి మా మహల్లాలో గల్ఫ్ ఖత్‌లు రాసేది నేనే. కోనసీమలో గల్ఫ్ లేని వీధి ఉండదు కదండీ. అప్పట్లో ఇంటింటికీ ఫోన్లు లేవు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు ఆ ఖత్‌లు కూడా ఆగిపోయి, ఆడవాళ్లంతా రేడియో దగ్గర దువా చేసుకుంటూ కూర్చోవడం నాకు గుర్తుంది. మామూలు రోజుల్లో సాయంత్రం నలుగురైదుగురు వచ్చేవారు. వాళ్లు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి.

ఒక ఖాలాకి కుట్టు మిషన్ కొనుక్కోవాలని ఉండేది. ఖాలూకి ఇష్టం లేదు. ఆమె చెప్పిన ఖత్ ఇప్పటికీ మర్చిపోలేదు. సలాం, ఖైరియత్ అయ్యాక సూటిగా మొదలెట్టింది: నాకు మిషన్ కావాలి, ఇదీ నా మాట. నెలకి ఎన్ని జాకెట్లు కుడితే ఎంత వస్తుందో లెక్క చెప్పింది. పక్కవీధిలో మిషన్ మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఇంకొకావిడ సంగతి చెప్పింది. తర్వాత కాసేపు ఆగి, "ఇలా రాయి బేటా" అంది. "లోకం ఏమనుకుంటుందో అని మీరంటారని నాకు తెలుసు. మీరు అనేదాంట్లో తప్పు లేదు. కానీ కిరాణా కొట్టులో అప్పు పెరిగినప్పుడు ఆ లోకం వచ్చి తీర్చలేదు కదా." నా చెయ్యి ఆగిపోయింది. మిషన్ వచ్చింది.

సంతకం కూడా రాని ఖాలా చేసినదేమిటో చూడండి. ముందు దావా. తర్వాత దలీల్. తర్వాత మిసాల్. ఆపైన అవతలివాళ్ల ఎతరాజ్ తనే ముందు చెప్పి, దానికి ఇజ్జత్ ఇచ్చి, చివర్లో జవాబ్. జీఆర్ఈవాళ్లు ఆరుకి ఆరు వేయడానికి అడిగేది అచ్చంగా ఇదే. ఇది మన వాకిట్లో ఉన్న విద్య. ఎవరికైనా నిజంగా ఏదైనా కావలసినప్పుడు దానంతట అదే నోట్లోంచి వస్తుంది. మన పిల్లలకి వ్యాసం రాకపోవడానికి కారణం, ఆ వ్యాసంలో వాళ్లకి కావలసింది ఏదీ లేకపోవడం.

సరే, ఇక మేం ఏం చేశామో చెప్తాను. ఇలాంటి నంబరుతో కూర్చున్న పిల్లలు ఇంకా చాలామంది ఉంటారు, పనికొస్తుంది.

మొదటిది, వెంటనే మళ్లీ రాయించలేదు. 21 రోజులు దాటితే రాయొచ్చు, ఏడాదిలో ఐదుసార్లు రాయొచ్చు. నంబర్లు ఐదేళ్లు చెల్లుతాయి. ఏ పరీక్ష నంబర్లు కాలేజీకి పంపాలో మనమే ఎంచుకోవచ్చు. కాకపోతే ఒక పరీక్షలో వచ్చినవన్నీ ఒకే కట్టగా వెళ్తాయి, ఇందులో లెక్కలు అందులో వ్యాసం అంటే కుదరదు. అందుకని రెండున్నర నెలలు గడువు పెట్టుకున్నాం. లెక్కల సాధన కూడా వదలొద్దన్నాను.

రెండోది, రోజుకో కొత్త వ్యాసం మానిపించాను. పరీక్షలో వచ్చే టాపిక్‌ల జాబితా మొత్తం పరీక్ష పెట్టేవాళ్లే బయట పెట్టారు. పిల్లలు దాన్ని చూసి అన్నిటికీ జవాబులు బట్టీ పట్టబోతారు. మేం వారానికి ఒకటే తీసుకున్నాం. రాయడం, నేను ఎర్ర పెన్నుతో అడగడం, అదే వ్యాసం మళ్లీ రాయడం, మూడోసారి కూడా రాయడం. ఉర్దూ షాయిరీలో దీన్ని ఇస్లాహ్ అంటారు. షాగిర్ద్ రాస్తాడు, ఉస్తాద్ దిద్దుతాడు. పంజాబ్‌లో కుర్రవాడుగా ఉన్న ఇఖ్బాల్, హైదరాబాద్ నిజాం దర్బారులో ఉన్న దాగ్ దెహల్వీకి టపాలో గజళ్లు పంపి దిద్దించుకున్నాడు. అంతటివాడికే ఉస్తాద్ కావలసి వచ్చాడు, మనమెంత? నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా "ఇది ఎందుకు?", "దీని తర్వాత అది ఎలా వచ్చింది?", "ఎవరైనా కాదంటే?" అనే మూడు ప్రశ్నలకి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. వ్యాకరణం చూడడానికి మా స్కూల్లో ఇంగ్లీషు టీచరుగారిని బతిమాలుకున్నాను. వాక్యాలు చిన్నవి చేయమని ఆవిడ చెప్పిన ఒక్క మాటతో సగం తప్పులు పోయాయి.

మూడోది, రాయడానికి ముందు ఐదు నిమిషాలు నోటితో చెప్పించాను. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే. "యే బాత్ సహీ హై యా నై? క్యోఁ?" మాట్లాడడం వచ్చాక ఇంగ్లీషులో రాయడం. ముప్ఫై నిమిషాల్లో ఐదు ఆలోచించడానికి, ఇరవై రాయడానికి, ఐదు తిరిగి చదవడానికి.

నాలుగోది చిన్న సంగతే కానీ చాలామందిని ముంచుతుంది. పరీక్షలో కంప్యూటర్ తప్పు స్పెల్లింగ్ కింద ఎర్రగీత గీయదు. మనవాళ్లకి ఫోను మీద రెండు బొటనవేళ్లతో కొట్టడం అలవాటు. కీబోర్డు ముందు పెడితే ఇరవై నిమిషాల్లో అర పేజీ కూడా దాటదు. ఆ స్పెల్లింగ్ చూసే సదుపాయం తీసేసి ల్యాప్‌టాప్ మీద రోజూ కొట్టించాను.

ఐదోది మిసాల్. ఇక్కడే వాడు, నేను బాగా పోట్లాడుకున్నాం.

మూడో వారంలో ఒక టాపిక్ ఇచ్చాను: ఒక ప్రాంతం బాగుపడాలంటే అక్కడి జనం కొంత నష్టం ఓర్చుకోవాలా? వాడు మళ్లీ ఎడిసన్‌ని తెచ్చాడు. "నగరం మీ ఇంటికి ఎంత దూరంరా?" అన్నాను. మాట్లాడలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయినప్పుడు వాడికి పన్నెండేళ్లు. అంతకుముందు 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్. 65 రోజులు మండింది ఆ బావి. మా ఆపా అప్పుడు కొత్త కోడలు. రాత్రి దీపం లేకుండా వాకిట్లో బియ్యం ఏరుకున్నామని ఇప్పటికీ చెబుతుంది. ఇంకా కావాలంటే 2011 పంట విరామం ఉంది. గిట్టుబాటు కాని ధరకి పండించేకన్నా పొలం బీడు పెడతామని ఈ పచ్చటి కోనసీమ రైతులు ఖరీఫ్ మానేశారు. దేశమంతా తిరిగి చూసింది. "ఇన్ని మిసాల్‌లు కాళ్ల కింద పెట్టుకుని బల్బు కనిపెట్టినాయన దగ్గరికి ఎందుకెళ్తావురా?"

"అమెరికాలోవాళ్లకి నగరం తెలీదు మామూ."

"తెలీకపోతే రెండు లైన్లలో చెప్పు. ఎడిసన్ వాళ్లకి నీకన్నా బాగా తెలుసు. నగరం నీకు వాళ్లకన్నా బాగా తెలుసు. ఎవరికి బాగా తెలిసింది వాళ్లు చెబితేనే వినబుద్ధవుతుంది."

ఆ రోజు రాసిన వ్యాసం మొదటిసారి వాడిదిగా అనిపించింది. గ్యాస్ వల్ల ఉద్యోగాలొచ్చాయి, రోడ్లొచ్చాయి, ఇంటింటికీ సిలిండర్ వచ్చింది, అదీ రాశాడు. నష్టం ఓర్చుకోమనే హక్ ఎవరికుంది, ఓర్చుకునేవాళ్లని ముందు అడిగారా అనీ రాశాడు. ఇంగ్లీషులో తప్పులు ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఉంటే ఉన్నాయి.

ఇదంతా చెబితే మా స్కూల్లో ఒకాయన వెటకారంగా నవ్వాడు. "ఆ వ్యాసాన్ని ఎవరు చూస్తారు మాస్టారూ? చాలా యూనివర్సిటీలు జీఆర్ఈనే తీసేస్తుంటే." నిజమే. చాలాచోట్ల అడగడం లేదు, అడిగినచోట కూడా లెక్కల నంబరుకే బరువెక్కువ. నేను కాదనను. కానీ సీటొచ్చి వెళ్లాక ఏం చేస్తాడు? అక్కడ వారం వారం రిపోర్టు రాయాలి, ప్రొఫెసర్ మాట తప్పనిపిస్తే ఎందుకో రాసి చెప్పాలి. వెళ్లకుండా ఇక్కడే ఉండి గ్రూప్-1 రాసినా, సివిల్స్ రాసినా వ్యాసం పేపరు వదలదు. సివిల్స్‌లో అయితే మూడు గంటల్లో రెండు వ్యాసాలు, 250 మార్కులు. జీఆర్ఈ వ్యాసాన్ని రేపు ఎత్తేసినా ఎత్తేయొచ్చు. రాయ్ చెప్పాల్సిన అవసరం మాత్రం పోదు.

ఈ మజ్మూన్ అనేది మనకి పరాయిది కూడా కాదు. 1711లో లండన్‌లో అడిసన్, స్టీల్ నడిపిన 'స్పెక్టేటర్' పత్రిక చూసి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో 'తహజీబుల్ అఖ్లాఖ్' పెట్టి ఉర్దూలో మజ్మూన్‌కి దారి వేశారు. అదే 'స్పెక్టేటర్' స్ఫూర్తితో మన పక్కనున్న పిఠాపురంలో పానుగంటివారు 'సాక్షి' రాశారు. ఒకాయన ఉర్దూ, ఒకాయన తెలుగు. ఇద్దరూ రాసింది ఎవరికి వ్యతిరేకంగా అనుకున్నారు? తమవాళ్లకే. ఇంటివాళ్లతో, తన జమాత్‌తో, తన ఊరితో బహస్ పెట్టుకోవడానికి పుట్టింది ఈ ప్రక్రియ. దాన్ని మనం గైడులో పెట్టి జోకొట్టాం.

ఇక ముందు చెబుతానన్న సంగతి.

ఎనిమిదో వారం. టాపిక్ నేనే ఇచ్చాను: ఒక మనిషి చదువు గురించి ఫైసలా ఆ మనిషిదా, ఇంటిదా? ఏమీ ఆలోచించకుండా ఇచ్చాను. వాడు రాసి పంపాడు. మిసాల్ చదువుతుంటే నా చేతిలో ఎర్ర పెన్ను కిందికి దిగలేదు. అది వాళ్ల బాజీ గురించి. ఏడేళ్ల కింద మా భాంజీ డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మంచి రిష్తా వచ్చింది. ఆపా ఇంట్లో పెద్దలం కూర్చున్నాం. దూల్హాభాయ్ కువైట్ నుంచి ఫోనులో ఉన్నారు. ఇంటర్ చదివే వీడు గుమ్మం దగ్గర నిలబడి, "బాజీకి డిగ్రీ అయ్యేదాకా ఆగొచ్చు కదా" అన్నాడు. "ఛుప్ బైఠో. బడే బాతాఁ కర్రైఁ" అన్నది ఎవరో కాదు, నేను. భాంజీ చదువు అక్కడితో ఆగింది.

వాడు నన్ను తిట్టి ఉంటే సులువుగా ఉండేది. తిట్టలేదు. అవతలి పక్షం రాయాలి కదా, మా పక్షం రాశాడు. తండ్రి దేశంలో లేడు, తల్లి ఒక్కతే, కర్జ్ ఉంది, మంచి సంబంధం మళ్లీ వస్తుందో రాదో, పెద్దలు భయపడడంలో మొహబ్బతే ఉంది, చెడు లేదు. ఇంత ఇన్సాఫ్‌గా నేనే చెప్పుకోలేను. ఆ తర్వాత ఒక్క ప్రశ్న. అందరి భయాలూ లెక్కలోకి తీసుకున్న ఆ గదిలో, ఎవరి చదువో ఆ మనిషిని ఎందుకు పిలవలేదు?

ఆ వ్యాసం నేను దిద్దలేదు. "దిద్దడానికేం లేదు" అని మాత్రం రాసి పంపాను.

రెండోసారి వాడికి నాలుగు వచ్చింది. లెక్కలు రెండు మార్కులు తగ్గాయి, ఫరవాలేదు. దరఖాస్తులు వెళ్లాయి. సీటు, వీసా సంగతి అల్లాహ్ దయ. ఆపా మళ్లీ సేమియా పంచలేదు. ఈసారి అన్నీ తేలాకే అంది.

పోయిన ఆదివారం రాజోలు వెళ్లాను. భాంజీ కూడా పిల్లాడితో వచ్చి ఉంది. తమ్ముడు తన గురించి రాసింది చదివి వినిపించమంది. నేను ఉర్దూలోకి మార్చి చెప్పాను. మధ్యలో ఏమీ అనలేదు. అయ్యాక పిల్లాడి మూతి తుడుస్తూ, "ఆ రోజు నాకూ ఒక ముప్ఫై నిమిషాలు ఇచ్చి ఉండాల్సింది మామూ" అంది. నవ్వుతూనే అంది.

నేను నవ్వలేకపోయాను. ఆగిన డిగ్రీ దూరవిద్యలో మళ్లీ ఎక్కడ నుంచి మొదలెట్టొచ్చో కనుక్కుని చెప్తానన్నాను. "ముందు చదవాలని ఉందో లేదో నన్నడగండి" అంది.

అడిగాను. ఆలోచించి చెప్తానంది.